మామయ్య చెవి

మా తోడికోడలి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే చెబుతాను. పనిమంతురాలు. గొంతు పెంచదు. అబద్ధమాడదు. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది కాబట్టి అక్కడితో ఆపేస్తాను.

మాది కార్ల షెడ్డు. కింద షెడ్డు, పైన ఇల్లు. పెట్టింది మా మామయ్య. మా ఆయన బ్రేకులు, గేర్‌బాక్సులు చూస్తాడు. మా మరిది ఊళ్ళు తిరిగి సామాన్లు తెస్తాడు. నేను స్పేర్ పార్టుల గదిలో ఉంటాను. ఏ బోల్టు ఏ డబ్బాలో ఉందో కళ్ళు మూసుకుని తీసిస్తాను. కానీ నా అసలు కొలువు అది కాదు. రిపేరైన ప్రతి బండినీ మామయ్య రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూస్తారు. అప్పుడు ఆయన పక్క సీట్లో నేను కూర్చోవాలి. అదీ నా కొలువు.

ఎందుకంటే మామయ్యకు ఇంజన్ వినపడదు. నలభై ఏళ్ళు ఆ మోతల మధ్య బతికితే చెవులుంటాయా? కాస్త మందగించిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తారు కాబట్టి ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. ఇంజన్ పెదాలు కదపదు కదా! ఎనిమిదేళ్ళ క్రితం ఒక బండి డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు చేస్తుంటే, ఆయన 'బంగారంలా ఉంది' అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన తల తిప్పేసుకున్నారు. నేను డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టాను. ఆ రోజు నుంచి అదే మా లెక్క. ఒకసారి తడితే బాగుందని, రెండుసార్లు తడితే ఇంజన్ కొట్టుకుంటోందని. ఊరంతా 'పెద్దాయన చెవి ముందు మిషన్లు బలాదూర్' అంటుంటే, నేను పార్టుల గదిలో బోల్టులు లెక్కపెట్టుకుంటూ నాలో నేనే పొంగిపోయేదాన్ని.

అంతలో మా మరిది పెళ్ళి చేసుకొచ్చాడు. వచ్చిన పిల్ల చేతిలో ల్యాప్‌టాప్.

ఇప్పటి టర్బో బళ్ళలో ఇంజన్‌కు ఒక కంప్యూటర్ ఉంటుంది. టర్బో ఎంత గాలి తోయాలో, పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలో అదే చెబుతుంది. ఈ పిల్ల స్టీరింగ్ కింద కేబులు గుచ్చి, ముందు అసలు ఫైలు దాచి పెట్టుకుని, తర్వాత ఆ అంకెలన్నీ కొంచెం కొంచెం మారుస్తుంది. రీమ్యాపింగ్ అంటారు. అదే బండి, అదే ఇంజన్, ఒక్క నట్టు కూడా విప్పదు, కానీ వేరే బండిలా దూకుతుంది. నేనూ కూర్చుని చూశాను కాబట్టి కాదనలేను. ఆశపడి అంకెలు మరీ జరిపితే మాత్రం ఇంజన్ లోపల కొట్టుకోవడం మొదలవుతుంది. అలాగే వదిలేస్తే పిస్టన్లు పోతాయి.

కొట్టుకుంటే ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర గీత లేస్తుంది. వినక్కర్లేదు, చూస్తే చాలు! ఆ గీత మొదటిసారి చూసినప్పుడు మామయ్య ముఖం చూడాలి, పోయినదేదో దొరికినట్టు వెలిగిపోయింది. ఆ ల్యాప్‌టాప్ కేబులేమో పొట్టిది. పక్క సీట్లో కూర్చుంటే తప్ప అందదు.

ఇంకేముంది, మూడు నెలల్లో ఒక్కసారి కూడా నాకు పిలుపు రాలేదు. "చిన్నమ్మాయీ, రా" అని మామయ్య దాన్ని పిలిచే మాట షెడ్డులో వినపడినప్పుడల్లా నా కడుపులో మంట. మా ఆయనతో అంటే, "నీకూ పని తగ్గిందిగా, హాయిగా ఉండొచ్చుగా" అన్నాడు. ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశానో!

ఒకరోజు పళ్ళ డాక్టరు తన టర్బో కారు తెచ్చాడు. ఇల్లు ఎత్తు మీద ఉంది, బండి లాగడం లేదట.

"మీరు పన్ను లాగినంత సులువుగా లాగేలా చేద్దాం" అన్నాడు మా ఆయన.

"నేను లాగితే అరుస్తారయ్యా, బండి అరవకూడదు" అన్నాడు డాక్టరు.

చిన్నది గంటన్నర అంకెలతో కుస్తీ పట్టింది. రోడ్డు మీదికి బయల్దేరుతుంటే నేను గబగబా వెళ్ళి వెనక సీటు ఎక్కాను. "నువ్వెందుకక్కా?" అనలేదు. సీటు ముందుకు జరుపుకుని నా కాళ్ళకు చోటిచ్చింది. అదీ నాకు నచ్చలేదు.

బండి ఎత్తు ఎక్కింది. ఎక్కడం కాదు, ఎగిరింది. తెర మీద ఒక్క ఎర్ర గీత లేదు. నా చెవికీ ఇంజన్ మోత కడిగినట్టు శుభ్రంగా ఉంది. మామయ్య తెర చూసి తల ఊపారు. తర్వాత, ఎందుకో పాత అలవాటు కొద్దీ, అద్దంలో నావైపు చూశారు.

మూడు నెలల తర్వాత నావైపు చూశారు. నా చెయ్యి నా మాట వినలేదు. ఆయన సీటు వెనక రెండుసార్లు తట్టాను.

ఆయన బండి పక్కకు ఆపేశారు. "కొట్టుకుంటోంది. తగ్గించు."

"మామయ్యా, ఇక్కడ ఏమీ లేదు, చూడండి" అంటూ చిన్నది తెర ఆయనవైపు తిప్పింది.

ఆయన తెరవైపు చూడను కూడా చూడలేదు. "నీ మిషన్ నిన్న కాక మొన్న వచ్చింది తల్లీ. నా చెవి నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు."

చిన్నది కాసేపు ల్యాప్‌టాప్ మీటలు నొక్కింది. మళ్ళీ ఎక్కించాం. ఈసారి ఒక్కసారే తట్టాను. షెడ్డుకు వచ్చాక మామయ్య డాక్టరు ముందే, "లెక్క కాస్త తప్పింది, నేను పట్టుకున్నాను" అన్నారు. డాక్టరు తనే ఒక చుట్టు తిప్పి వచ్చి, "పెద్దాయన చెయ్యి పడ్డాక ఎంత తేడా!" అని పొగిడాడు. చిన్నది కేబులు చుట్టుకుంటూ నిలబడింది.

నేను పార్టుల గదిలోకి వెళితే వెనకే వచ్చింది.

"అక్కా, రెండోసారి నేనేమీ మార్చలేదు. ఉత్తుత్తినే మీటలు నొక్కాను."

"మామయ్యతో చెప్పావా?"

"ఆయనకు వినపడదని వచ్చిన వారంలోనే తెలిసింది. నువ్వు తడతావని ఇవాళ తెలిసింది. ఇది చెబితే ఆయనకు ఇంకే చెవి మిగులుతుందక్కా?"

నాలుగు తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది. మంచితనంలో కూడా నన్ను మించిపోయిందే అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను. నా బుద్ధి అలాంటిది, దాచుకోవడం దేనికి?

మర్నాడు పొద్దున్న మామయ్య అందరి ముందూ చెప్పేశారు: "ఇకమీదట కంప్యూటర్ పట్టిన ప్రతి బండికీ పెద్దమ్మాయే పక్కన కూర్చోవాలి." చిన్నది ఆ రోజు వచ్చిన బండిలోంచి ల్యాప్‌టాప్ తీసేసి, సీటు గుడ్డతో తుడిచి, "కూర్చో అక్కా" అంది. కోరుకున్నదే దొరికింది. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

మేమిద్దరమే వెళ్ళాం. సందు మలుపు తిరిగాక ఆయన నా చేతివైపు చూశారు. నేను మూడుసార్లు తట్టాను.

"మూడేమిటమ్మా? మన దగ్గర మూడు లేదుగా?" బండి ఆపారు.

ఆయనకు నా పెదాలు కనపడేలా తిరిగాను. "నిన్న మీ చెవి మీకు అబద్ధం చెప్పింది మామయ్యా. బండి కొట్టుకోలేదు. కుళ్ళుతో తట్టాను."

తప్పు చదివానేమో అనుకున్నారు పాపం. "మళ్ళీ చెప్పు" అన్నారు.

మళ్ళీ చెప్పాను. మొదటిసారి కన్నా రెండోసారి కష్టమైంది.

ఆయన బండి వెనక్కి తిప్పి షెడ్డులో ఆపి దిగారు. మా ఆయన, మా మరిది, పక్క బండి తెచ్చిన డ్రైవరు, అందరూ వింటుండగా చిన్నదాని ఎదురుగా నిలబడ్డారు.

"నిన్న నీ లెక్క సరైనదే తల్లీ. తప్పు నా చెవిది. డాక్టరుకు కూడా ఫోన్ చేసి చెప్పించు."

నలభై ఏళ్ళ పేరు అది. నా పేరు ఎత్తలేదు. మా ఆయన, "పోనీలే నాన్నా, వయసు" అని సర్దబోయాడు. డ్రైవరు నవ్వు దాచుకున్నాడు. నేను తల దించుకుని పార్టుల గదివైపు నడిచాను.

"నువ్వెక్కడికి?" అన్నారు మామయ్య. "చిన్నమ్మాయి ముందు కూర్చుంటుంది. నువ్వు వెనక ఎక్కు."

ఎక్కాను. ఎత్తు ఎక్కి దిగాక ఆయన తెర చూశారు, తల ఊపారు. కానీ బండి తిప్పలేదు. ఇంజన్ నడుస్తూనే ఉంది, ఆయన స్టీరింగ్ పట్టుకుని ఊరికే కూర్చున్నారు. నా కోసం ఆగారని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

బాగా విన్నాను. ఆయన సీటు వెనక ఒక్కసారి తట్టాను. అప్పుడు తిప్పారు.

ఇప్పటికీ నాది వెనక సీటే. ముందు సీట్లో దాని జడ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది. కానీ తట్టేముందు రెండుసార్లు వింటాను.