నాలుగు గుట్టల్ని ఫెయిల్ చేసిన ముజీబ్ సార్

ముజీబ్ సార్ పిల్లల్ని ఎన్నడూ ఫెయిల్ చేయలేదు. గుట్టల్ని చేస్తాడు.

ఇటిక్యాల మండలంలోని ఓ సర్కారు బడిలో ఆయన రెండో తరగతి పంతులు. ఆరడుగుల మనిషి. పిల్లల్ని ఏ గుట్టకు తీసుకుపోవాలన్నా ముందు తానొక్కడే పోయి ఎక్కి చూడాలి. అదీ మామూలుగా కాదు. రెండు కాళ్లకూ కలిపి దస్తీ రుమాలు కట్టుకుంటాడు, అడుగు ఏడేళ్ల పిల్ల అడుగంతే పడేటట్టు. వీపున చిన్న బడిసంచి. అందులో నీళ్లసీసా, దుప్పటి, అటుకులు. అట్లా గునగునా ఎక్కుతుంటే మేకలు మేత మాని చూస్తాయి. దిగివచ్చి ఒక్కటే మాట: "గుట్ట ఫెయిల్ మేడం."

ఆ మాట వింటే హెడ్మాస్టరమ్మ ప్రేమలతకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఎక్కదా మరి? ఆమె ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చింది. సంచులు వీపున వేసుకుని గుట్టెక్కడం, పైనే వండుకు తినడం, ఒక రాత్రి పడుకుని దిగిరావడం. పట్నం బళ్లలో ఏటా జరిగేదే. "గుట్టలు పగలగొట్టేది మన పిల్లల అమ్మానాయనలు, గుట్ట మీద ఫొటోలు దిగేది వాళ్ల పిల్లలా?" అని ఆఫీసులో బల్ల గుద్ది మరీ అడిగింది. చివరికి కాగితం చేతికొచ్చింది. గడువు జనవరి నెలాఖరు. అది దాటితే ఎండలు, పరీక్షలు. ఇక ఈ పిల్లలకు గుట్ట లేదు.

ముజీబ్ సార్ చూస్తే వారానికో గుట్టను ఫెయిల్ చేస్తున్నాడు.

మొదటిదానికి నీడ లేదు. "పదకొండింటికే బండ పెనమైతది మేడం." రెండోదానికి సగం దూరం దాకా నీళ్లు లేవు. మూడోది కొల్లాపూర్ అవతల. 'చిన్నపిల్లలకు సైతం సులువు' అని ఎవరో కరపత్రం కూడా అచ్చేశారు.

"గది రాసినోడు కుర్సీల కూసోని రాసిండు మేడం. మెట్టు నాకే మోకాళ్ల దాంక వస్తది. పిల్లలకు నడుము దాంక."

"మరి నాలుగోది?"

"కోతులు. అటుకులు గుంజుకున్నయి. కాళ్లు కట్టి ఉండె, ఉరకనీకి గూడ రాలె."

వంటమనిషి బాలమణి గంటె పట్టుకుని నవ్వింది. "సార్ గుట్టలు సూస్తుండా, బిడ్డకు సంబంధాలు సూస్తుండా? గిట్లయితే పోరగాండ్లు పెండ్లిళ్లయినంక ఎక్కుతరు."

ఇంకో వారమే మిగిలింది. అయిదో గుట్టకు ప్రేమలతే బయలుదేరింది. "ఈసారి ఫెయిల్ అన్నరనుకో, సార్, మిమ్మల్ని గుట్ట మీదనే ఇడిసిపెట్టొస్త."

సార్ దస్తీ కట్టుకుని ఎక్కసాగాడు. అరవై అడుగులు వేశాడు, కూర్చున్నాడు. లేచి మళ్లీ అరవై. మళ్లీ కూర్చున్నాడు. కూర్చున్న చోటల్లా రాయిని తడిమి, సున్నపుముక్కతో గీత పెట్టాడు. పదకొండోసారికి ప్రేమలత ఓపిక చచ్చింది.

"ఏంది సార్ గిది? యాభై ఏండ్లకే మోకాళ్లు పోయినయా?"

"నేను కాదు మేడం, కూసుంటున్నది నిషాత్."

నిషాత్ రెండో తరగతి పిల్ల. ఆయాసం. నాలుగు మాటలు గట్టిగా చదివితే ఎగపోస్తుంది. గుట్టకు పోయే పిల్లల లిస్టులో ఆ పేరును ఎర్రసిరాతో కొట్టేసింది ప్రేమలతే.

"బడి ఆవరణల దాని ఎంట నడిసి లెక్కపెట్టిన. అరవై అడుగులకు కూసోవాలె. దవాఖాన్ల డాక్టరమ్మను గూడ అడిగిన. నిమ్మలంగ నడిస్తె ఏం గాదన్నది. కానీ కూసునే జాగ ఉండాలె గద? ఆ నాలుగు గుట్టలకు లేదు."

"మరి నీడ? కోతులు?"

"అవి గూడ నిజమే. కోతులయితే మస్తు నిజం."

"గీ ముక్క ముందే జెప్పొద్దా?" ప్రేమలత గొంతు లేచింది.

"జెప్తె బడంత ఎరుకైతది మేడం. నిషాత్ వల్ల గుట్ట పోయిందంటరు పిల్లలు. అందుకే గుట్టనే ఫెయిల్ చేసిన."

ప్రేమలతకు ఒళ్లు మండింది. ఈసారి ఎవరి మీద అన్నది ఆమెకే తెలుసు. లిస్టు తీసి, ఎర్రగీత కింద ఆ పేరు మళ్లీ రాసింది.

ఆ శనివారం ఇరవై నలుగురు పిల్లలు గుట్టెక్కారు. అరవై అడుగులకోసారి సార్ ఈల. ఈల పడితే అందరూ కూర్చోవాలి, అదే ఆట. ఎందుకని ఎవరూ అడగలేదు. సగం దాకా బాగానే నడిచింది. అప్పుడు నిషాత్ నడుము మీద చేతులు పెట్టుకుని ప్రేమలత ముందుకొచ్చి నిలబడింది. ముఖం కందగడ్డ.

"మేడం, గీళ్లకేమైంది? గింత నడుస్తరు, కూసుంటరు! గింత ఓపిక లేనోళ్లను ఎందుకు తోల్కొచ్చిండ్రు?"

ప్రేమలత నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ముజీబ్ సార్ మాత్రం నవ్వకుండా తలూపాడు.

"నిజమే బిడ్డా. జర ఓర్సుకో. అందరు నీ లెక్క ఉండరు గద."