కూసింది బావా

చెవిమేస్త్రి అంటే చెవులు పెద్దవనుకునేరు. మామూలు చెవులే. ఎడమ చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉండేది, అంతే. ఇంజన్ చప్పుడు విని రోగం చెబుతాడని ఆ పేరు వచ్చింది. బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే, లోపల నట్టు బిగిస్తున్నవాడు తలైనా ఎత్తకుండా "దీనికి వాల్వులు వదులయ్యాయిరా" అనేవాడు. తీరా విప్పి చూస్తే అదే. ఆయన అసలు పేరేమిటని అడిగితే కట్టుకున్న భార్య కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

కొండ కింద రేకుల షెడ్డు ఆయనది. చలికాలం పొద్దున్నే వాకిట్లో బకెట్లో నీళ్ళు పైన గట్టిపడి ఉంటాయి, పానా పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ కాలంలోనే పని ఎక్కువ. కొండ మీద కొట్టాలున్న వాళ్ళంతా ఏటీవీల మీదే తిరుగుతారు. మోటారు సైకిలుకుండే హ్యాండిలు, జీపుకుండే నాలుగు చక్రాలు, ఎంత ఎత్తయినా ఎక్కేసే మొండి బండి. చలికి మాత్రం మనుషులకంటే ముందు అదే ముడుచుకుంటుంది.

షెడ్డులో ఉండేది ఇద్దరు, మేస్త్రి, ఆయన భార్య తమ్ముడు. ఈ బామ్మర్దికి చేతులు ఎంత నెమ్మదో నోరు అంత వేగం. వసపిట్ట అంటే వసపిట్టే. పంపుతో పెట్రోలు అందే ఇంజెక్షన్ బండి ఏదొచ్చినా వాళ్ళ పద్ధతి ఒకటే. బామ్మర్ది సీటెక్కి తాళం తిప్పాలి, మేస్త్రి ట్యాంకుకు చెవి ఆనించాలి. తాళం తిప్పగానే ట్యాంకులోని చిన్న పంపు సన్నగా జుయ్‌మని పెట్రోలును ముందుకు తోసి, కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాతే స్టార్టరు నొక్కాలి. షెడ్డు భాషలో దాన్ని పంపు కూయడం అంటారు.

"కూసింది బావా. ఆగింది. ఇక నొక్కనా?"

"నాకు చెవులు లేవా? నోర్ముయ్యరా, చెవిలో జోరీగలాగా!"

ఇది రోజూ ఉండే తంతే. విని విని వీధిలో వాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

తన మామగారు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారని కబురొస్తే బామ్మర్ది అత్తారింటికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే పాలావిడ బండి వచ్చింది. పైనున్న కొట్టాల నుంచి పాలక్యాన్లు కిందికి దింపడం ఆవిడ పని.

"అన్నయ్యగారూ, కాస్త ఎండ పొడ తగిలితే బంగారంలాంటి బండి. పొద్దున మాత్రం చచ్చినా లేవదు. క్యాన్లు భుజాన మోసి మోసి నడుము పడిపోయింది."

"స్టార్టరు నొక్కేటప్పుడు యాక్సిలరేటరు కూడా నొక్కుతున్నావా, చెల్లెమ్మా?"

"నొక్కక? మా పాత బండికి నాలుగు సార్లు నొక్కితేగానీ దయ కలిగేది కాదు."

"అది కార్బురేటర్ బండి. దీనికి ఎంత పెట్రోలు కావాలో ఇదే చూసుకుంటుంది. మధ్యలో నువ్వు వేలు పెట్టకు. చలి రోగం చలిలోనే చూడాలి, రాత్రికి వాకిట్లో వదిలిపెట్టి వెళ్ళు."

మర్నాడు పొద్దున్నే సీటు మీద తెల్లటి మంచు నూగు తుడిచి, మేస్త్రి ట్యాంకుకు చెవి ఆనించి, తనే చెయ్యి చాపి తాళం తిప్పాడు. ఏమీ లేదు. స్టార్టరు నొక్కితే గుర్రుగుర్రుమంటూ బద్ధకంగా తిరిగింది గానీ ఇంజన్ అంటుకోలేదు.

"పంపు పోయింది" అనుకున్నాడు.

అయ్యా, చలిలో బండి లేవకపోతే ఎవడైనా ముందు బ్యాటరీ చూస్తాడు. మేస్త్రి చూడలేదు. ఎందుకు చూస్తాడు? చెవి తీర్పు చెప్పేసిందాయె! ట్యాంకు దింపి, మొద్దుబారిన వేళ్ళతో పాత పంపు లాగి, అలమరలో ఉన్న కొత్తది బిగించాడు. తాళం తిప్పాడు. మళ్ళీ ఏమీ లేదు. ఫ్యూజు చూశాడు, బాగుంది. పంపు వైరుకు టెస్టు బల్బు తగిలిస్తే చక్కగా వెలిగింది. కరెంటు వస్తోంది, పంపు కొత్తది, కూత మాత్రం లేదు. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి దిక్కుమాలిన బండిని ఆయన చూడలేదు.

అప్పుడే భార్య టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "చల్లారిపోతుంది, తాగండి!" అని అరిచింది. ఈ మధ్య ఇంట్లో అందరూ అరిచే మాట్లాడుతున్నారు. వయసు మీద పడి దీనికి నోరు పెద్దదైందని మేస్త్రి అనుకునేవాడు. గ్లాసు అందుకోకుండానే మరోసారి తాళం తిప్పాడు.

"ఆ జుయ్‌మనేది ఏమిటండీ?"

"ఏది?"

"ఇప్పుడేగా ఆగిపోయింది."

మేస్త్రి తాళం ఆపి మళ్ళీ తిప్పాడు. ఈసారి ట్యాంకు వైపు కాకుండా ఆవిడ ముఖం వైపు చూశాడు. కనుబొమలు పైకి లేచి, కాసేపు ఆగి, కిందికి దిగాయి. ఆయన బెంచీ దగ్గరికి వెళ్ళి, విప్పి పడేసిన పాత పంపుకు బ్యాటరీ వైర్లు ఒక్క క్షణం తగిలించాడు.

"ఇదీ అలాగే మోగుతోంది. ఏం, మీకు..." అని ఆవిడ మధ్యలోనే ఆగిపోయింది.

బాధ కలగలేదు. కోపమూ రాలేదు. మత్తిచ్చి పన్ను పీకినట్టు, ఏదో ఊడిందని తెలుస్తోంది గానీ నొప్పి లేదు. టీ తాగాడు. అది వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియలేదు.

"ఎవరితోనూ అనకు" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. అనకూడదని ఆవిడకూ తెలుసు. చెవిమేస్త్రికి చెవి లేదని పొక్కితే ఇక బండి ఎవడు తెస్తాడు? ఆయనకు ఈ పని తప్ప ఇంకొకటి చేతకాదు.

కాసేపటికి లేచి కొత్త పంపు తీసేసి, పాలావిడ పంపు పాలావిడ బండికే బిగించాడు. అప్పుడు మీటరు తెచ్చి బ్యాటరీకి పెట్టి స్టార్టరు నొక్కాడు. ముల్లు ఒక్కసారిగా కింద పడింది. వైరు వెంబడి వెతుక్కుంటూ వెళితే, సీటు కింద ఎర్తు వైరు బిగించిన చోట బోల్టు తుప్పు పట్టిపోయి ఉంది. చలికి బ్యాటరీ ఎలాగూ నీరసపడుతుంది, దానికి ఈ తుప్పు తోడైంది. ఉన్న కాస్త కరెంటూ స్టార్టరే మింగేస్తే ఇంజన్‌ను నడిపే కంప్యూటరుకు ఏం మిగులుతుంది? అందుకే తిరుగుతోంది గానీ నిప్పు పుట్టడం లేదు. పసివాడు కూడా పట్టుకోగల రోగం.

గరుకు కాగితంతో తుప్పు గీకుతూ గీకుతూ చెయ్యి ఆపేశాడు. మరి ఇన్నాళ్ళూ? పోయిన చలికాలం వచ్చిన బండ్లు? వాటి పంపులు ఎవరు విన్నారు?

కూసింది బావా. ఆగింది. ఇక నొక్కనా?

మిగిలిన తుప్పు కూడా గీకేశాడు. తర్వాత బోల్టు బిగించి, బ్యాటరీ ఛార్జింగుకు పెట్టాడు. మధ్యాహ్నానికి బండి ముట్టుకోగానే లేచింది, కానీ మధ్యాహ్నం లేవడం ఒక గొప్పా! ఇంకో రాత్రి మంచులో ఉంచాలి. పొద్దున్నే రమ్మని పాలావిడకు కబురు పెట్టాడు.

సాయంత్రం బామ్మర్ది సంచీతో దిగాడు. ఇంట్లోకి కూడా వెళ్ళకుండా నేరుగా షెడ్డుకే వచ్చాడు.

"ఎప్పటి నుంచి రా?" అన్నాడు మేస్త్రి.

"ఏంటి బావా, మామ కాలా? కట్టు కట్టారు, మూడు వారాల..."

"నాకు వినపడదని నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

బామ్మర్ది సంచీ కింద పెట్టలేదు.

"పోయిన చలికాలానికి ముందు చలికాలం. ఒకసారి పంపు కూయనే లేదు. నువ్వేమో, కూసింది నొక్కరా అన్నావు. అప్పుడు."

"నాతో చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఆ రోజే షెడ్డుకు తాళం వేసేవాడివి. నీ సంగతి నాకు తెలీదా? నాకు నోరుంది కదా అని అదే వాడాను."

"రోజూ నోర్ముయ్యమని తిట్టాను కదరా."

"మూస్తే ఎలా బావా?"

మేస్త్రి లోపలికి వెళ్ళి పెట్టింది తిని పడుకున్నాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, రాలేదు.

తెల్లారేసరికి పాలావిడ ఖాళీ క్యాన్లతో వాకిట్లో నిలబడి చేతులు రుద్దుకుంటోంది. బామ్మర్ది సీటెక్కాడు, మేస్త్రి ట్యాంకుకు చెవి ఆనించాడు. తాళం తిరిగింది. ఎన్నాళ్ళ అలవాటో, ఆయన ఆ గొంతు కోసం ఎదురుచూశాడు. రాలేదు. తలెత్తి చూస్తే బామ్మర్ది పెదవి కదపకుండా, పాలావిడకు కనబడకుండా కళ్ళతో సైగ చేస్తున్నాడు. కూసిందని. ఆగిందని. ఇలా కూడా ఎన్నేళ్ళయినా నడిపించొచ్చు, ఎవరికీ తెలియదు.

మేస్త్రి నిటారుగా లేచి నిలబడ్డాడు.

"ఏరా, నోరు పడిపోయిందా? గట్టిగా చెప్పు. కూసిందా లేదా?"

"అదేంటి అన్నయ్యగారూ, నాకే వినపడింది, మీకు వినపడలేదా?" అంది పాలావిడ.

"వినపడదు చెల్లెమ్మా. పంపు చప్పుడు నాకు వినపడదు. నిన్న నీ పంపు బాగున్నా పోయిందనుకుని విప్పేశాను. నీది నీకే మళ్ళీ బిగించాను. అసలు రోగం ఎర్తు వైరుది."

బామ్మర్ది హ్యాండిలు పట్టుకుని తల దించుకున్నాడు. పాలావిడ మేస్త్రి వైపు చూసింది, సీటు మీదున్న వాడి వైపు చూసింది.

"మరి వినేది ఎవరు?"

"వీడు."

"ఎవరు వింటే ఏముందిలెండి. బండి లేస్తే నాకు చాలు, పైన పాలు పిండేసి ఉంటారు."

మేస్త్రి మళ్ళీ వంగి, అవసరం లేకపోయినా, చల్లటి ట్యాంకుకు చెవి ఆనించాడు.

"తిప్పరా."

"కూసింది బావా." బామ్మర్ది ఈసారి వీధంతా వినపడేలా అన్నాడు. "ఆగింది. ఇక నొక్కనా?"

నాకు చెవులు లేవా అనే మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. ఆ మాట దగ్గర, నిన్నటి నుంచీ రాని ఏడుపు కూడా వచ్చింది.

"నొక్కు నాయనా" అన్నాడు.

మొదటి నొక్కుకే ఇంజన్ అందుకుంది. ఆ మోత మాత్రం ఆయనకు వినపడింది.