ఏడు చుట్లు తిరిగిన సంఘం కారు

తప్పు చేసినవాడికి కూడా తిండీ బట్టా ఇచ్చి ఈ వయసు దాకా నడిపించిన దేవునికి స్తోత్రం. సముద్రానికి హద్దు గీసిన ప్రభువుకు మహిమ. కారు చక్రానికి కూడా ఒక హద్దు ఉంటుందనీ, దాన్ని చెరిపినవాడు సంఘమంతటి ముందూ నవ్వులపాలవుతాడనీ నాకు నేర్పినందుకు మరింత మహిమ. ఆ నేర్చుకోవడంలో ఒక గోడ కూలింది. ఎలాగో చెబుతాను.

ఎనభైల్లో నేను నారాయణఖేడ్‌లో మా సంఘం కారుకు డ్రైవర్ని. కారంటే గొప్పగా ఊహించుకోకండి. మూడు చేతులు మారి మా దగ్గరికి చేరిన బండి. ఒక తలుపు వేస్తే ఇంకో తలుపు తెరుచుకునేది. పాస్టరయ్యను కల్హేర్‌కూ నాగల్‌గిద్దకూ తిప్పడం నా పని. చర్చి ఆవరణలోనే నాకొక గదీ, దాన్ని ఆనుకుని చిన్న వంటిల్లూ ఇచ్చారు.

అమ్మానాన్నలు పోయారు. పెళ్లి కాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ నాతో చేయి కలిపి, దేవుడు తోడుండుగాక అని చెప్పి, కుటుంబాలు కుటుంబాలుగా ఇళ్లకు వెళ్లిపోయేవారు. దేవుడు తోడుండేవాడు, అందులో అబద్ధం లేదు. కానీ ఆయన జొన్నరొట్టె తినడు కదా. నేను రెండు రొట్టెలు చేసుకుని, ఒకటి తిని, రెండోది ఎదురుగా పెట్టుకుని కారుతో మాట్లాడేవాణ్ణి. కారు బాగా వినేది. పాస్టరయ్య ప్రసంగానికి నేను ఆవలించినట్టు అది ఎన్నడూ ఆవలించలేదు.

చిక్కల్లా గేటు దగ్గర. సందులోంచి గేట్లోకి మళ్లాలంటే కారు ఒక్కసారికి తిరిగేది కాదు. నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ జరగాలి. ఆ జరగడంలో స్తంభానికి చాలాసార్లు తగిలించాను. చివరికి మెత్తని మనిషి పాస్టరయ్య కూడా గట్టిగా చెప్పాడు.

"పౌలూ, కమిటీల అందరిదీ ఒక్కటే మాట. కోతపండుగనాడు గిట్ల మల్ల స్తంభానికి తగిలిందంటే కారు అమ్ముడే."

కారు లేని సంఘానికి డ్రైవరెందుకు? గది పోతే పోయింది, రెండో రొట్టె ఎవరి ఎదుట పెట్టుకోను?

కారు కింద దూరి చూశాను. ముందు చక్రం పక్కకు తిరుగుతూ తిరుగుతూ ఒక ఇనుప బుడిపెకు తగిలి ఆగిపోతోంది. దావీదు ఒడిసెల రాయితో పడగొట్టిన ఆ మహాకాయుడిలా, ఇదే నా గొల్యాతు అనుకున్నాను. ఈ యుద్ధంలో గొల్యాతు ఉసిరికాయంత ఉన్నాడు, అంతే తేడా. బస్టాండు దగ్గర వెల్డింగు చేసే మస్తాన్‌ను పిలిచి, బుడిపెను కొయ్యమన్నాను. చక్రాన్ని తిప్పే ఇనుప చేయిని కూడా కోసి, పొట్టి చేసి అతకమన్నాను. చేయి పొట్టిదైతే చక్రం ఇంకా తిరుగుతుందని నా లెక్క.

మస్తాన్ బుడిపెను తడిమి చూశాడు. "అన్నా, గిది జేసినోడు ఊకెనే పెట్టిండంటవా?"

"ప్రార్థన జేసిన మస్తాన్. నువ్వు కొయ్యి."

"మరి దేవుడు ఏమన్నడు?"

ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను సరే అన్నట్టుగా తీసుకున్నాను. మస్తాన్ కోశాడు. ఆ సాయంత్రం కారు ఒక్క మలుపుతో గేట్లోకి వచ్చేసింది. చూసేవాళ్లెవరూ లేరు. చప్పట్లు నేనే కొట్టుకున్నాను.

కోతపండుగ వచ్చింది. ఆవరణ నడుమ కానుకల కుప్ప: జొన్న బస్తాలు, కందులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. నేను కల్హేర్ వెళ్లి, నడవలేని ముసలమ్మ రాహేలమ్మను తీసుకొచ్చాను. కారెక్కడం ఆమెకదే మొదలు. ఒడిలో గుమ్మడికాయ. గేటు దగ్గర ఒకే మలుపు. స్తంభం క్షేమం. పాస్టరయ్య నవ్వాడు.

అక్కడే ఆపి దిగి ఉంటే చెప్పడానికేమీ ఉండేది కాదు. కుప్ప చుట్టూ ఒక్కసారి తిప్పి చూపిద్దామన్న ఆశతో స్టీరింగును ఆఖరిదాకా తిప్పాను. కింద టక్కుమంది. చక్రం హద్దు దాటి వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. బ్రేకు తొక్కితే కాలు నేలను తాకింది. అంత తిప్పుకు బ్రేకు గొట్టం సాగి తెగింది. కారు మొదటి గేరులో, ఎద్దు నడకతో, కుప్ప చుట్టూ తిరగసాగింది.

"ఏంది బిడ్డా, మల్ల గీడికే వచ్చినం?" అంది రాహేలమ్మ.

"దింపుత పెద్దమ్మా, జర ఆగు."

ఇంకెవరైనా అయితే బ్రేకు పోయిందనుకునేవారు. మావాళ్లు వేరు. పండుగకు ముందు వారమంతా సాయంత్రపు కూటాల్లో పాస్టరయ్య, దేవుని జనం ఏడు చుట్లు తిరిగి కేక వేస్తే కూలిన యెరికో గోడల మీదే ప్రసంగించాడు. ఇది కమిటీ ఏర్పాటనుకున్నాడు పాస్టరయ్య. పాస్టరయ్య ఏర్పాటనుకుంది కమిటీ. మూడో చుట్టుకల్లా మగవాళ్లు చెప్పులు విడిచి కారు వెనక నడిచారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఎవరో చుట్లు లెక్కపెడుతున్నారు. ముందు టైరు జారుతూ, చుట్టు చుట్టుకూ కారు నా గదివైపు జరుగుతోంది.

ఏడో చుట్టులో అందరూ ఒక్కసారిగా కేక వేశారు. అదే క్షణాన కారు ముక్కు నా వంటింటి మట్టిగోడకు తగిలింది. గోడ ఎంతో విధేయతతో కూలింది. ఇంజను ఆగింది. దుమ్ములోంచి హల్లెలూయ వినిపించింది.

దుమ్ము తగ్గాక రాహేలమ్మ, గుమ్మడికాయ ఒడిలోంచి కదలకుండానే, అడిగింది. "బిడ్డా, గా తాళంచెవి తిప్పితేనే గదా బండి మొదలైంది. మల్ల తిప్పితే ఆగకపోవునా?"

సంఘమంతా కడుపు పట్టుకుని నవ్వింది. కారు అమ్మాలా వద్దా అని కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. పాస్టరయ్య అంతా విని, "స్తంభానికైతే తగల్లే గదా" అన్నాడు. బుడిపె మళ్లీ అతికించాలన్న షరతుతో కారు మిగిలింది, నేనూ మిగిలాను. ఆ తర్వాత రెండు రోజులు పదిమంది వచ్చి నా గోడ కట్టారు. ఆ రెండు రోజులూ నా రెండో రొట్టె మిగల్లేదు. గోడ లేచాక అందరూ చేయి కలిపి, దేవుడు తోడుండుగాక అని వెళ్లిపోయారు.

తాళంచెవి సంగతి కంగారులో మరిచిపోయానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. అది అబద్ధం. మూడో చుట్టులోనే గుర్తొచ్చింది. చేయి తాళంచెవి దాకా వెళ్లింది కూడా. అప్పుడే అద్దంలో చూశాను. సంఘమంతా పాడుతూ నా వెనకే వస్తోంది. ఇంకొక్క చుట్టు అనుకుని చేయి వెనక్కి తీసుకున్నాను. అలా నాలుగుసార్లు అనుకున్నాను.

కాబట్టి బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఏ చక్రం హద్దునూ ఇక కొయ్యను, కొయ్యించను. దేవుని మౌనాన్ని నాకు అనుకూలంగా తర్జుమా చేయను. మనుషులు కావలసివస్తే నోరు తెరిచి అడుగుతాను గానీ గోడలు కూల్చను.

మీ సంఘంలో కూడా ఆరాధన అయ్యాక ఒక్కడే నిలబడి కారు తుడుచుకునే మనిషి ఉండవచ్చు. నాతో కలిసి అతని కోసం ప్రార్థించండి. ఆమేన్ అన్నాక కళ్లు తెరిచి, అతణ్ణి రొట్టెకు పిలవండి.