ఊయల తిరిగిన దారి

పట్టుకు పేరుపడ్డ మర్గిలాన్ ఊళ్లో ఒక పిల్లల ఆసుపత్రి. అక్కడ డాక్టర్లు మారారు, గోడల రంగులు మారాయి, మత్లూబా మాత్రం మారలేదు. విరేచనాలతో వచ్చే పసివాళ్ల మలం సీసాల్లోకి తీసి, పేరూ తేదీ రాసి, మంచుపెట్టెలో ప్రయోగశాలకు మోసుకెళ్లడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. "నేనొస్తే పిల్లులు కూడా ముక్కు మూసుకుని దారిస్తాయి" అని తనే నవ్వేది. ఆ సీసాలతో లోపలేం చేస్తారో ఎన్నడూ అడగలేదు.

ఇంట్లో ఆమె గర్వమల్లా అత్తగారి నాటి మల్బరీ కొయ్య ఊయల. ఆ ఇంటి పిల్లలు పదకొండు మంది అందులో నిక్షేపంగా పెరిగారు. అందుకే బిడ్డను తొలిసారి గుడ్డపట్టీలతో ఊయలలో కట్టేటప్పుడు మహల్లాలో, అంటే ఆ పేటలో, అందరికీ అదే కావాలి. కొన్నాళ్లు ఉంచుకుని తర్వాతి ఇంటికి ఇచ్చేవారు, చివరికి తిరిగి ఆమె ఇంటికే చేరేది. ఊయల అడుగున రంధ్రం, దాని కింద మట్టి ముంత. బిడ్డ ఏం చేసినా అందులోకే. కొయ్యకు దిష్టి పోవడానికి ఇసిరిక్ ఆకు పొగ వేస్తారు గానీ, ముంతను ఒంపేసి ఊరుకుంటారు. కడిగితే అదృష్టం కొట్టుకుపోతుందట! చోద్యం కాకపోతే ఏమిటి?

ఆ శుక్రవారం ఆమె మనవరాలినే ఊయలలో కట్టాలి. పొద్దున్నే సీసాలిచ్చి ఇంటికి పరుగెడదామనుకుంటుంటే డాక్టర్ జుల్ఖుమోర్ పిన్నిని పిలిచినట్టే పిలిచింది.

"ఖాలా, ఇలా రండి. ఇవి మీరు తెచ్చిన సీసాల్లోవే."

కంప్యూటర్ తెరనిండా అక్షరాల బారులు.

"ఇదేం రాత తల్లీ? నా చదువు అంతంతమాత్రం."

"వైరస్ లోపలి రాత. మీ నాన్న పట్టు నేసేవారుగా? ఒకడు నమూనా చూసి నేస్తూ ఒక పోగు తప్పాడనుకోండి. వాడి గుడ్డ చూసి నేసినవాడు?"

"అదే తప్పుతాడు. పైగా తనదొకటి కలుపుతాడు."

"అంతే! రంగులవాళ్ల వీధి బిడ్డది ఇది, తప్పు లేదు. వంతెన దగ్గరి బిడ్డకు ఒక తప్పు. రొట్టెల సందు బిడ్డకు అదే తప్పు, ఇంకో కొత్తదీ. జబ్బు ఈ వరసలోనే పాకింది. ముగ్గురూ ఇంకా పాకనైనా పాకరు, ఇళ్లా ఎక్కడెక్కడో. ఎవరు మోశారో అంతుపట్టడం లేదు."

మత్లూబా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. రంగులవాళ్ల వీధి, వంతెన, రొట్టెల సందు. తన ఊయల తిరిగిన వరస అదే! ఈ డాక్టరు పిల్ల ఆ మహల్లా గడపే తొక్కలేదే! కంటికి ఆనని పురుగు తను నడిచిన దారంతా తన ఒంటిమీదే రాసుకుందా! అబ్బ, ఎంత చిత్రం దేవుడా! అంతలోనే మనవరాలు గుర్తొచ్చింది.

"నేనే మోశానమ్మా" అంటూ పరుగు తీసింది.

ఇంటినిండా ఆడవాళ్లు. మత్లూబా అత్తగారు పొగ తిప్పుతోంది. కోడలు బిడ్డను ఊయలలోకి వంచుతోంది.

"ఆగండి!" మత్లూబా ఊయల కింది ముంత లాగి వాకిట్లో విసిరికొట్టింది. ముంత ముక్కలైంది.

"పిచ్చెక్కిందా? మన ఇంటి పన్నెండో బిడ్డ అదృష్టమే అది!" అంది అత్తగారు.

"ఆ పదకొండు మంది అదృష్టం కాదత్తా, ఇప్పుడు దాన్లో ఉన్నది జబ్బు." మత్లూబా ఆడవాళ్లలో ఉన్న వంతెన దగ్గరి బిడ్డ తల్లి వైపు తిరిగింది. "నీ బిడ్డ నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్నది నా ముంత వల్లే. నన్ను తిట్టు తల్లీ."

ఆ తల్లి తిట్టలేదు. ముక్కల వంక చూసింది.

"తర్వాత ఆ ముంతను కడక్కుండా, ఒంపేసి రొట్టెల సందుకి ఇచ్చింది నేనే ఖాలా" అంది.

ముసలి అత్తగారు పొగ గిన్నె కింద పెట్టింది. బిడ్డను తన ఒళ్లోకి లాక్కుంది.

"నిలబడి చూస్తారేమే? ఊయల కడగడానికి నీళ్లు మరగబెట్టండి" అంది.