ప్లీడరు పంచెకు ఉర్లగడ్డ గంజి

మా వీధి బట్టలన్నీ చెంగయ్యే ఉతికేవాడు. అతను గంజి పెట్టిన పంచె కట్టుకుని మనిషి వంగకూడదు, వంగితే మడతలకు కోపం. ప్లీడరు సుందరరాజు వాదనలో సగం బలం ఆ పంచెదేనని కోర్టులో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

యుద్ధం వచ్చి బియ్యం రేషనుకెక్కింది. గంజికుండ జోలికి పోతే పెళ్లాం గంగులమ్మ గరిటె ఎత్తేది. రాత్రిపూట పిల్లలకు ఆ గంజే అన్నం. ఇక చెంగయ్య చూపు ఉర్లగడ్డల మీదికి, అదే బంగాళాదుంపల మీదికి, మళ్లింది. తురిమి, నీళ్లలో పిసికి, అడుగున పేరిన తెల్లటి పిండిని కాచాడు. అవి ఉడికితే పొడిపొడిగా విచ్చుకునే రకం, పిండి దండిగా దిగింది. పంచె రేకులాగా నిలబడింది. చెంగయ్య మీసం కూడా.

తర్వాత సంతలో వేరే రకం దొరికింది, ఉడికినా నున్నగా గట్టిగా ఉండేది. గడ్డ గడ్డే కదా అనుకున్నాడు మహానుభావుడు. ఎంత పిసికినా అడుగున చెంచాడు పిండి పేరలేదు. ఓపిక చచ్చి, తురుముతో సహా కాచి పూసేశాడు. కోర్టులో చెమటకు ఆ పూత జిగురైంది, సుందరరాజు లేవబోతే పంచె కుర్చీని వదల్లేదు. కేసు వింటున్న మునసబు కూడా నవ్వాడట. సాయంత్రానికల్లా ప్లీడరింటి మూట ఆగిపోయింది. పెద్దాయనే మానేశాక మనకెందుకని వీధివీధంతా మానేసింది. వీధివాళ్లిచ్చే గింజలే ఆ ఇంటికి ఆధారం. గంగులమ్మ గంజికుండ బోర్లించింది.

అంతలో గంగజాతర వచ్చింది. బండవేషం కట్టినవాడు ఆ రోజు ఎవర్ని ఎంత తిట్టినా దీవెనే, చేతులు జోడించి వినాల్సిందే. చెంగయ్య ఒళ్లంతా కుంకుమ పూసుకుని ప్లీడరు గడప ముందు నిలబడ్డాడు. మొదట తిట్టినవి అచ్చుకు పనికిరావు. సుందరరాజు ముత్తాతను కూడా వదల్లేదు. ఆయన బుద్ధిగా చేతులు జోడించి విన్నాడు. తిట్టీ తిట్టీ చెంగయ్య గొంతు జీరపోయింది.

"బియ్యం గంజి నా బిడ్డలు తాగల్నా, నీ పంచె తాగల్నా? సెప్పు సామీ" అన్నాడు.

కుంకుమ మీద కన్నీళ్లు చారలు కట్టాయి. సుందరరాజు జోడించిన చేతులు దించి తన పంచె వంక చూసుకున్నాడు.

మర్నాడు మూట వచ్చింది. మోసుకొచ్చింది ప్లీడరే.

"గంజి వద్దప్పా. ఉత్తగా ఉతికియ్యి" అన్నాడు.

వారం తిరక్కుండా వీధి మూటలన్నీ తిరిగొచ్చాయి. యుద్ధం అయిపోయేదాకా సుందరరాజు నలిగిన పంచెతోనే వాదించాడు. కేసులు మాత్రం ఎప్పటిలాగే ఓడిపోయాడు.