తలకిందుల మునసబు

పెళ్లిలో మామ పెట్టిన చేతి గడియారాన్ని ఇచ్చేసి ఆత్మకూరులో ఒక పాత కెమెరా తెచ్చుకున్నాను. తప్పంటారా? అప్పుడూ కాదన్నాను, ఇప్పుడూ కాదనే అంటాను.

ఉదయగిరిలో నాకు కుట్టు మిషను ఉండేది. దారాల కోసం ఆత్మకూరు వెళ్లి, తిరుగు బస్సు రాకపోతే పక్కనున్న పాత సామాన్ల అంగట్లోకి తొంగిచూశాను. పగిలిన లాంతర్ల వెనక కనబడింది. చెక్క పెట్టె, హార్మోనియం తిత్తిలాంటి తోలు మడతలు, ముందు ఇత్తడి కట్టులో అద్దం. ఏ దొర వదిలిపోయాడో! "దీనికి ప్లేట్లు దొరకవు, ఫోటో పడదు" అని అంగడాయనే చెప్పాడు. పడకపోతే పోనీ, నాకు అదే కావాలి.

"మా నాయన పెట్టిన గడియారం ఇచ్చి ఈ దిక్కుమాలిన పెట్టె తెచ్చినావా? నీ బుద్ధి గడ్డి తినిందా?" అని నా భార్య రెండు రోజులు మాటలు మానేసింది.

మూడో రోజు దాన్ని వాకిట్లో మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టాను. నల్లగుడ్డ కప్పుకుని వెనక గరుకు అద్దంలోకి చూస్తే వీధంతా రంగులతో సహా కనబడింది, కాకపోతే తలకిందులుగా. ఆ అద్దం తీరే అంత. జనం మూగి, ఒకరి తర్వాత ఒకరు చూసి పడీ పడీ నవ్వారు. మునసబు చేలో కూలికి పోయే ఒకావిడ గుడ్డ కింద ఉండగానే ఆ మునసబే దారిన వచ్చాడు.

"ఓయమ్మో! మునసబయ్య తలకిందులుగా నడస్తా ఉండాడే!"

వీధి గొల్లున నవ్వింది. ఆయన ముఖం కందగడ్డయింది.

"ఊరి పెద్దను తలకిందులు చేస్తావంట్రా? రేపు పొద్దునకల్లా దీన్ని పగలగొట్టాల. లేకుంటే ఈ ఊళ్లో నీకు గుడ్డ ఇచ్చేవాడుండడు."

"అందులో నేనూ తలకిందులేనయ్యా, చూడండి" అన్నాను. చూస్తేగా!

మర్నాడు గొడ్డలి పట్టిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. "పగలగొట్టను" అన్నాను. అంతలో నా భార్య వచ్చి పెట్టెకు అడ్డం నిలబడింది.

"ఇది మా నాయన గడియారం పెట్టి కొన్నది. తిట్టుకుంటే నేను తిట్టుకుంటా. ఇంకెవరన్నా చెయ్యేస్తే ఊరుకోను."

ఆయన ఉరిమి చూసి వెళ్లిపోయాడు, కానీ అన్నంత పనీ చేశాడు. ఆయనకు జడిసి జనం సగం కుట్టిన చొక్కాలు కూడా వెనక్కి తీసుకుపోయారు. పదిరోజులు మిషను తొక్కింది లేదు. ఇంట్లో ఒంటిపూట వంట. నా మొండితనం మీద నాకే ఒళ్లు మండింది. అయినా పెట్టెను వాకిట్లోంచి కదిలించలేదు.

పదకొండో రోజు పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆ కూలావిడ రవికె గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఆయనకు తెలిస్తే నిన్ను కూలికి రానీడు గదమ్మే" అంది నా భార్య.

"రానీకపోతే దుత్తలూరు దిక్కు కూలికి పోతా. నవ్వొచ్చింది, నవ్వినాను. దానికేంది?"

గుడ్డ నా చేతిలో పెట్టి కెమెరా దగ్గరికి నడిచింది.

"కుట్టేది తర్వాత చూద్దువులే అన్నా. ముందు దీన్ని ఆయన ఇంటి దిక్కు తిప్పు."

తిప్పాను.