పేరెత్తిన మనిషి

మొన్న పళ్ళ డాక్టరు నా దవడపన్నుకు లవంగనూనె అద్దగానే, కుర్చీలో వెనక్కి వాలిన నేను ఆదోనిలో తేలాను. ఖాదర్ సాబ్ బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆయన పత్తి మిల్లులకు అగ్నిప్రమాద బీమా చేయించే పెద్ద ఏజెంటు. ఎనభైల చివర్లో నేను ఆయన కింద చేరిన చిన్న ఏజెంటును. బీమా అమ్మాలంటే ధీమా ఉండాలి. నా దగ్గర ఉన్నది బీమా ఒక్కటే, అదీ అమ్ముడుపోనిది.

ఆ రోజుల్లోనే ఆస్పత్రి ఖర్చులిచ్చే పాలసీలు మా వైపు కొత్తగా వచ్చాయి. ఒకటి ఏ జబ్బుతో ఆస్పత్రిలో చేరినా ఇచ్చేది, క్యాన్సర్ కూడా అందులోనే. రెండోది ఒక్క క్యాన్సర్‌కే. కట్టేది తక్కువ, కానీ పాలసీ తీసుకున్న కొంతకాలం దాకా ఏమీ రాదు. సాబ్ రెండింటినీ బల్లమీద పక్కపక్కన పరిచి, ఇచ్చేవి వదిలేసి ఇవ్వనివే చదివేవాడు.

"ఏది మంచిది సాబ్?" అన్నాను.

"రెండూ మంచివే నాయనా, జబ్బు లేనోనికి. ముందే ఉన్నదానికి ఇదీ ఇయ్యదు, అదీ ఇయ్యదు."

చిక్కంతా అక్కడే. మా ఊళ్ళలో ఆ జబ్బు పేరు పలికితే ఇంట్లోకి పిలిచినట్టే. క్యాన్సర్ అనరు, రాచపుండు అనరు, 'అది' అంటారు. ఒంట్లో గడ్డ ఉన్నా, మోసం చేయాలని కాదు, పేరెత్తడానికి జంకి, ఏమీ లేదని సంతకం పెట్టేవారు. తీరా ఆస్పత్రిలో చేరాక ఆ సంతకమే అడ్డం పడేది. అందుకే సాబ్ ఏ ఇంటికి వెళ్ళినా గడప దాటగానే ఆ పేరు తానే గట్టిగా అనేవాడు. జనం ఆయనను 'క్యాన్సర్ సాబ్' అన్నారు. నన్ను చూసి 'దాని తమ్ముడు' అనేవారు.

ఎమ్మిగనూరు నేతగాడు నారాయణప్ప, భార్యకు పాలసీ కావాలని కబురు పంపాడు. రెండింటిలో ఏదో తేల్చమన్నాడు. వాళ్ళింట్లో కూర్చుని సాబ్ వివరిస్తుండగా భార్య లింగమ్మ టీ తెచ్చి ఎడమచేత్తో అందించింది.

"బుద్ధి లేదా మే? ఇంటికొచ్చినోళ్ళకు ఎడమసేత్తో ఇస్తాండావు!" అని నారాయణప్ప కసిరాడు.

సాబ్ గ్లాసును రెండు చేతులా అందుకున్నాడు. "అమ్మా, ఆ కుడిసెయ్యి ఎన్నాళ్ళ నుంచి లేయదు?"

ఆమె మొగుడి వంక చూసింది. "సంకలో గడ్డ, సాబూ. ఉగాదికి ముందు నుంచే ఉండాది."

"క్యాన్సరేమో సూపించుకోవాల తల్లీ."

"ఆ పేరెత్తొద్దు!" నారాయణప్ప లేచి నిలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "గడ్డ సంగతి రాయకుండా పాలసీ ఇప్పించు సాబూ, దండం పెడతా" అన్నాడు.

"దాస్తే పాలసీ సస్తాది అప్పా. సూపించకపోతే మనిషి. పాలసీ మాట ఇడ్సిపెట్టి రేపే కర్నూలు పెద్దాసుపత్రికి పిల్సుకపో."

ఆ రేపు రాలేదు. దేవరగట్టు దేవుడికి మొక్కుకున్నారు, నాటుమందు కట్టించారు, దసరా పోయాక వెళ్ళారు. డాక్టర్లు ఆలస్యమైందన్నారు. మగ్గం అమ్మినా మనిషి దక్కలేదు.

నెలమాసికం అయ్యాక నారాయణప్ప ఆదోని వచ్చి మా ఆఫీసు ముందు నిలబడి అరిచాడు: "నువ్వు పిల్సినావు, అది వచ్చినాది! నీ నోరు పడిపోను!" సాబ్ లేచి నిలబడి అంతా విన్నాడు. ఆ తర్వాత ఎమ్మిగనూరులో మాకు తలుపు తెరిచినవాళ్ళు లేరు.

"ఊరుకొని పాలసీ రాసుంటే తిట్లైనా తప్పేవి కదా సాబ్" అన్నాను.

"నాకు తప్పేవి. ఆయమ్మకు ఏం తప్పేది?" బుగ్గన లవంగం ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకున్నాడు. "మనం బయల్దేరేటప్పుడు వాకిట్లో ఏమనిందో తెల్సా? 'ఇన్నాళ్ళకు ఒకరు అడిగినారు సాబూ' అనింది."

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు పాలసీలు లెక్కలేనన్ని. క్యాన్సర్‌కు ఏది మేలని ఇరుగుపొరుగు వచ్చి అడుగుతారు. కాగితాలు పక్కన పెట్టి, భర్త వెనక నిలబడ్డ ఆడమనిషినే నేరుగా, ఆ జబ్బు పేరెత్తి, ఒంట్లో ఎక్కడైనా గడ్డ ఉందా అని అడుగుతాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. తలుపు దాకా వెళ్ళి ఆగేవాళ్ళ కోసం నేను కూర్చునే ఉంటాను.